మాట పోయిన కవి, మాట మానేసిన డ్రైవరు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గురించి రాస్తానన్నాను. కమిటీలో ఒకరిద్దరు నవ్వారు. ఫైర్‌మన్‌గా బొగ్గు వేసి, డ్రైవరుగా రిటైరైన వాడికి భావకవిత్వంతో ఏం పని అని వారి ఉద్దేశం. వారి నవ్వులో తప్పు లేదు. 2005 వరకు నాకు కృష్ణశాస్త్రి అంటే మల్లీశ్వరి పాటలు రాసినాయన అని మాత్రమే తెలుసు.

అసలు సంగతి చెబితే గాని ఈ వ్యాసం అర్థం కాదు. నేను సెంట్రల్ రైల్వే రోజుల్లో కాజీపేట షెడ్డులో చేరాను. 2003లో రిటైరయ్యాను. మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడు ఎండాకాలం పోయాక నాలో ఏదో మారింది. రాత్రి రెండున్నర, మూడింటికి మెలకువ వచ్చేది. కాల్‌మన్ వచ్చి తలుపు కొట్టే వేళ కదా, ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. తరువాత అన్నం సహించలేదు. ఒళ్ళంతా నొప్పులు. పేపరు తెరిస్తే ఒక వార్త కూడా చివరిదాకా చదవలేకపోయేవాణ్ణి. స్టేషన్ వైపు పోవడం మానేశాను. చివరికి మాట్లాడడమే మానేశాను. అడిగితే తల ఊపడం, అంతే.

ఇంట్లో లోటేమీ లేదు. పెన్షను నెలనెలా వస్తోంది, పిల్లలు స్థిరపడ్డారు, సొంత ఇల్లు ఉంది. అందుకే వచ్చిన ప్రతి చుట్టమూ నీకేం తక్కువని అడిగేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఇంకొంచెం లోపలికి పోయేవాణ్ణి. నిజంగానే ఏమీ తక్కువ లేదు, అయినా ఇట్లా ఉన్నానంటే నేనే పనికిమాలినవాణ్ణి అనుకునేవాణ్ణి. ఒక డాక్టరు గ్యాసు అని మాత్రలిచ్చాడు. మా ఇంటావిడ దర్గాకు పోయి చాదర్ కప్పి వచ్చింది, మడికొండ గుట్ట మీద మొక్కుకున్నది. ఆమె నాకోసం ఏడ్చేది, నాకు మాత్రం ఏడుపు కూడా వచ్చేది కాదు.

మా వాడకట్టులో ఒక తెలుగు పంతులుగారు ఉండేవారు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. రైల్వే ఊరు కదా, అన్ని జిల్లాల వారూ ఉంటారు. ఆయన సాయంత్రం ఐదింటికి వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. ఎట్లా ఉన్నారని అడగరు, ధైర్యంగా ఉండమని చెప్పరు. టీ తాగి, కృష్ణశాస్త్రిగారి కథ కొంచెం చెప్పి, ఆరున్నరకు లేచి పోయేవారు. నేను వింటున్నానో లేదో కూడా పట్టించుకునేవారు కాదు. రెండు నెలలకు పైగా ఆ కథ సాగింది. ఆయన చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కృష్ణశాస్త్రిగారు 1897 నవంబరు 1న పిఠాపురం దగ్గరి పల్లెలో పుట్టారు. తండ్రి తమ్మన్నశాస్త్రిగారు, పెదతండ్రి సుబ్బరాయశాస్త్రిగారు పిఠాపురం ఆస్థానంలో పేరుపడ్డ పండితులు. ఇంట్లో ఉదయం లేస్తే పద్యమే. కుర్రవాడు మాత్రం ఇంగ్లీషు కవులను చదివాడు, రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ప్రభావంలో పడి బ్రహ్మసమాజం వైపు నడిచాడు. అంటరానితనం కూడదని పని చేసి, సొంత బంధువులకే దూరమయ్యారు. విజయనగరంలో పట్టా పుచ్చుకుని, పెద్దాపురంలో ఉపాధ్యాయుడుగా చేరారు.

1920లో ఆయనకు ఒంట్లో బాగాలేక వైద్యం కోసం రైలులో బళ్ళారి వెళ్ళారు. దారి పొడుగునా కిటికీలోంచి చూసిన అడవులూ కొండలూ ఆయన మనసులో కవిత్వమై, కృష్ణపక్షం కావ్యానికి బీజం వేశాయని చెబుతారు. పంతులుగారు ఈ ఘట్టం చెప్పిన సాయంత్రమే నేను నోరు విప్పాను. ఎన్ని వారాల తరువాతో నాకే తెలియదు. నేను అన్నది కవిత్వం గురించి కాదు. ఆ రోజుల్లో అటునుంచి బళ్ళారి పోవాలంటే బెజవాడలో పెద్ద బండి దిగి, మీటర్ గేజి బండి ఎక్కి, గుంతకల్లు మీదుగా పోవలసి ఉంటుంది, ఆయన చూసిన అడవి నల్లమల అయి ఉంటుంది, నంద్యాలకు ముందు ఘాట్ సెక్షన్ ఉంది అని చెప్పాను. లోపల గిన్నెలు తోముతున్న మా ఇంటావిడ చేతిలోది వదిలేసి గడప దగ్గరకు వచ్చి నిలబడింది. పంతులుగారు ఏమీ జరగనట్టే తల ఊపి, ఘాట్‌లో బండి ఎంత నెమ్మదిగా పోతుందని అడిగారు.

1922లో కృష్ణశాస్త్రిగారి భార్య మరణించారు. ఆయనకు అప్పటికి పాతికేళ్ళు. ఆ దుఃఖం ఆయన కవిత్వంలోకి వచ్చింది. 1925లో కృష్ణపక్షం అచ్చయింది, ఆ తరువాత ప్రవాసం, ఊర్వశి వచ్చాయి. గిరజాల జుట్టు, కళ్ళజోడు, లాల్చీ వేసుకుని ఆంధ్రదేశమంతా తిరుగుతూ తన పద్యాలు తానే చదివేవారు. ఆ గొంతు కోసం జనం విరగబడి వచ్చేవారట. కుర్రకారు ఆయనలా జుట్టు పెంచారు, ఆయనలా నిట్టూర్చారు. ఏడుపు కవి అని వెక్కిరించినవారూ ఉన్నారు.

ఇక్కడ పంతులుగారు ఒక మాట అన్నారు, అది నాకు మందులా పనిచేసింది. కృష్ణశాస్త్రిగారిది దుఃఖం, నాది దుఃఖం కాదు అన్నారు. దుఃఖమైతే బయటికి వస్తుంది, మనిషిని వెతుక్కుంటుంది, చెప్పుకుంటుంది. నాది బావిలో నీరింకినట్టుగా ఉందనీ, అది జబ్బేమో చూపించుకోవాలనీ ఆయన ఉద్దేశం. తరువాత డాక్టరుగారు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. అయినవారు పోయినప్పటి బాధ అలలు అలలుగా వస్తుంది, మధ్యలో మనిషి నవ్వుతాడు, పోయినవారి సంగతులు చెప్పుకుంటాడు. కుంగుబాటులో ఆ తెరపి ఉండదు. రెండు వారాలకు మించి, దాదాపు రోజంతా, దేనిమీదా ఇష్టం లేకుండా, తాను పనికిరానివాణ్ణి అనే భావంతో ఉంటే అది స్వభావం కాదు, రోగం. ఒకోసారి పెద్ద దుఃఖమే మళ్ళి మళ్ళి ఈ రోగంగా మారుతుంది కూడా.

కథలోకి వస్తాను. కృష్ణశాస్త్రిగారు మళ్ళీ వివాహం చేసుకున్నారు. పిఠాపురంలో ఉద్యోగం వదులుకున్నారు. శాంతినికేతనంలో రవీంద్రుణ్ణి కలిశారు. కాకినాడ కాలేజీలో పాఠం చెప్పారు. బడుల్లో మన పిల్లలు పాడే దేశభక్తి గీతం ఆయన రాసిందే, దానికి బాణీ కట్టింది ఆయన మేనకోడలు వింజమూరి అనసూయగారు. 1951లో బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరితో సినిమాలకు వచ్చారు, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతం. కొంతకాలం హైదరాబాదు ఆకాశవాణిలో పనిచేశారు. కుమారుడు బుజ్జాయిగారు బొమ్మల కథలతో, డుంబు అనే బుడుతడితో పిల్లలకు దగ్గరైనవారు. ఇవన్నీ పంతులుగారు ఒక్క సాయంత్రంలో చెప్పేశారు. ఆయన తొందర ఎక్కడికో నాకు తరువాత తెలిసింది.

1963లో కృష్ణశాస్త్రిగారికి గొంతు కాన్సర్ వచ్చి మాట పోయింది.

ఆలోచించండి. మన డ్రైవరుకు చూపు పోయినట్టు అది. సభల్లో పద్యం చదివితే వేలమందిని కట్టిపడేసిన గొంతు, నలుగురిలో కూర్చుంటే గంటలు గంటలు మాట్లాడే మనిషి. అప్పటికి అరవై అయిదేళ్ళు, మన రిటైర్మెంటు వయసు దాటిన వయసు. ఇక ఒక్క మాట రాదు. అరవై ఏళ్ళు దాటాక కుంగిపోవడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

ఆయన కాగితాలు, కలం దగ్గర పెట్టుకున్నారు. వచ్చినవారు మాట్లాడితే విని, జవాబు రాసి ఇచ్చేవారు. మద్రాసులో ఆయన ఇంటికి మిత్రులు రావడం మానలేదు, ఆయన రమ్మనడం మానలేదు. ఇంటివారు చుట్టూ ఉన్నారు. సినిమా వారు పాటల కోసం వస్తూనే ఉన్నారు. పాట రాసినవారు నోటితో అని వినిపించడం మామూలు, ఈయన కాగితం మాత్రమే ఇవ్వగలరు. 1968లో ఉండమ్మా బొట్టు పెడతా, 1969లో ఏకవీర, 1976లో అమెరికా అమ్మాయి, 1978లో సీతామాలక్ష్మి, 1979లో గోరింటాకు. ఇవన్నీ మాట పోయాక వచ్చినవే. మనం రేడియోలో విని కూనిరాగం తీసిన పాటల్లో ఎన్నో, గొంతు లేని మనిషి రాసినవని నాకు అరవై రెండేళ్ళకు గాని తెలియలేదు. 1976లో పద్మభూషణ్ ఇచ్చారు, 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1980 ఫిబ్రవరి 24న మద్రాసులో కన్నుమూశారు. ఆయన పాటలతో మేఘసందేశం సినిమా 1982లో, ఆయన పోయాక విడుదలైంది.

మాట పోయాక పదిహేడేళ్ళు బతికారు. ఆ పదిహేడేళ్ళూ ఆయన మనసు ఎట్లా ఉండేదో నేను చెప్పబోను. పెద్దవారి మనసులో దూరి రాయడం నాకు నచ్చదు. ఆయన ధీరుడు కనుక కుంగలేదు, మనం పిరికివాళ్ళం కనుక కుంగాం అని కూడా దయచేసి ఎవరూ అనుకోవద్దు. అది మళ్ళీ నీకేం తక్కువ అనడమే అవుతుంది. నాకు కనబడింది వేరు. ఆయన మాట పోయినా, ఎదుటి మనిషితో లంకె తెగలేదు. నాకు గొంతు నిక్షేపంగా ఉండి, లంకె తెగింది.

ఈ ఘట్టం చెప్పిన రోజు పంతులుగారు నూరు పేజీల నోటుబుక్కు, పెన్సిలు తెచ్చి నా పక్కన పెట్టారు. మాట్లాడబుద్ధి కాకపోతే రాసి ఇమ్మన్నారు. తొందరంతా ఇందుకు. మరునాడు సాయంత్రం నేను మూడు ముక్కలు రాసి ఇచ్చాను. నిద్ర లేదు, ఆకలి లేదు, బతకాలని లేదు. మూడోది చదివి ఆయన ఆ రోజు ఆరున్నరకు లేవలేదు. రాత్రి మా పెద్దబ్బాయి వచ్చేదాకా నా పక్కనే కూర్చున్నారు. అట్లాంటి ఆలోచనలు ఉన్నాయా అని నన్ను సూటిగా అడిగారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మనవాళ్ళు భయపడతారు, అది నిజం కాదు. అడిగినందుకు నాకు బరువు దిగినట్టయింది. తెల్లారి ముగ్గురం కలిసి హన్మకొండలో మానసిక వైద్యుని దగ్గరకు పోయాం.

పిచ్చి డాక్టరు దగ్గరకు పోయాడంటారని మా ఇంటావిడ భయం. డాక్టరుగారు ముందు థైరాయిడ్, షుగరు, రక్తం పరీక్షలు చేయించారు, నేను వాడే బి.పి. మాత్రల చీటీ చూశారు. ఇవి కూడా మనసును కుంగదీయవచ్చునట. తెల్లవారుజామున మెలకువ డ్యూటీ అలవాటు కాదనీ, ఈ జబ్బు లక్షణమనీ చెప్పారు. పెద్దవయసులో ఇది ఏడుపుగా కాక ఒళ్ళునొప్పులుగా, మతిమరుపుగా బయటపడుతుందన్నారు. మాత్ర పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒకోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, వారానికే మానవద్దు, బాగైందని మీకు మీరే ఆపవద్దు అని రెండుసార్లు చెప్పారు. నాకు మూడో వారంలో ఒక ఉదయం ఉప్మా రుచి తెలిసింది. మాత్రలు దాదాపు ఏడాది వాడి, డాక్టరుగారు చెప్పినట్టు మెల్లగా తగ్గించి ఆపాను. కృష్ణశాస్త్రిగారు నా జబ్బు నయం చేశారని నేను అనను. నయం చేసింది వైద్యం. ఆ వైద్యం దాకా నన్ను నడిపించింది ఆ కథా, ఆ నోటుబుక్కూ.

పంతులుగారు ఇప్పుడు లేరు. ఆ నోటుబుక్కు నా బీరువాలో ఉంది.

ఇప్పుడు సౌకర్యాలు పెరిగాయి. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే ఫోను సేవ నడుపుతోంది. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవారు కూడా చేయవచ్చు. చనిపోవాలనే మాట ఎవరి నోట విన్నా, వట్టి బెదిరింపని కొట్టిపారేయకండి, వారిని ఒంటరిగా వదలకండి.

మన సంఘ సభ్యులు కొందరు మీటింగులకు రావడం మానేశారు. మోకాళ్ళ నొప్పులని కబురు పంపుతున్నారు. కొందరికి నిజంగా మోకాళ్ళే కావచ్చు. సోమిడి, ఫాతిమానగర్, బాపూజీనగర్ వరకు నేను ఇంకా నడవగలను. మీ ఇంట్లో ఎవరైనా అట్లా మూల కూర్చుని ఉంటే కార్యదర్శిగారితో కబురు పెట్టండి. సాయంత్రం ఐదింటికి వస్తాను. టీ చాలు. వారిని మాట్లాడమని అడగను.