మందుతో ఆగని పరిచర్య

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో ఇద్దరే మిగిలిపోయిన వృద్ధ దంపతులు దివిసీమ సంఘాల్లోనూ, గుడివాడ సంఘాల్లోనూ ఎందరో ఉన్నారు. వారిలో ఒకరికి జబ్బు చేస్తే డాక్టరు దొరకడం ఒక్కటే సమస్య కాదు. అవనిగడ్డ నుంచి బందరుకో విజయవాడకో ఎవరు తీసుకువెళ్లాలి? వెంట వెళ్లిన ముసలామె ఎక్కడ తలదాచుకోవాలి, ఎక్కడ వండుకోవాలి? ఇంటికి వచ్చాక వేళకు మందులు ఎవరివ్వాలి? ఇలాంటి అవసరాలను నూరేళ్లకు ముందే గుర్తించిన మిషనరీ డాక్టరమ్మ అన్నా సారా కుగ్లర్. ఆమె ఆస్పత్రి కట్టింది వృద్ధుల కోసమని కాదు, స్త్రీలు, పిల్లల కోసం. అయినా రోగి అవసరాలన్నిటినీ ఒకచోట కలిపి చూసిన తీరు మనకు ఈ రోజు కావలసిందే.

ఆమె గుంటూరులో అడుగుపెట్టింది 1883 నవంబరులో. అప్పటికి గుంటూరు కృష్ణా జిల్లాలోనిదే, జిల్లా కేంద్రం మన బందరే! గుంటూరు జిల్లా వేరుపడింది 1904లో. కాబట్టి ఆమెను మన జిల్లా మిషనరీ అనుకున్నా తప్పులేదు.

1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టిన కుగ్లర్ 1879లో వైద్యపట్టా పొంది, మానసిక రోగుల ఆస్పత్రిలో పనిచేశారు. లూథరన్ స్త్రీల మిషనరీ సంఘం అప్పటికి వైద్యపరిచర్యకు సిద్ధంగా లేదు. గోషా స్త్రీల మధ్య బోధనా పనికని ఆమెను పంపింది. ఆమె ఆ పనికి ఒప్పుకునే వచ్చారు గానీ వైద్యం మానలేదు. తొలి ఏడాదిలోనే ఇళ్లకు వెళ్లి కొందరిని, తన బసకు వచ్చినవారిని కొందరిని, మొత్తం నాలుగు వందల మందికి పైగా చూశారు. గడప దాటలేని రోగి దగ్గరకు వైద్యమే నడిచి వెళ్లిందన్నమాట. మంచం దిగలేని మన అవ్వాతాతలకు నేటికీ కరువైనది అదే.

1886లో డిస్పెన్సరీ తెరిచారు. 1898లో 50 పడకల ఆస్పత్రి వచ్చింది. తెలుగు అమ్మాయిలకు అక్కడ నర్సు పని నేర్పించారు. 1905లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకమిచ్చింది.

వీటన్నిటికంటే మా మనసు నిలిచేది ఒక సత్రం దగ్గర. ఏలూరు రాజా భుజంగరావు గారు తమ కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఆస్పత్రి ఎదుట సత్రం కట్టించారు. రోగుల వెంట వచ్చినవారు అక్కడ ఉండవచ్చు. మంచి సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టి ఊరుకోలేదు కదా! తన వాహనం ఇచ్చాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, ఖర్చు పెట్టాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. వైద్యం, ప్రయాణం, బస, మరలా పరామర్శ, అన్నీ ఆ ఒక్క ఉపమానంలోనే ఉన్నాయి. మనం మాత్రం ఆదివారం ప్రార్థనలో రోగుల పేర్లు చదివి ఇంటికి వెళ్లిపోతున్నాం. ఒంటరి వృద్ధుల పేర్లు, వాడే మందులు, పిల్లల ఫోను నంబర్లు రాసిన ఒక పుస్తకం మన సంఘంలో ఉందా? ఆస్పత్రికి తోడు వెళ్లే యవనస్థులు ఇద్దరున్నారా? స్త్రీల సమాజం పూనుకుంటే దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

కుగ్లర్ పెళ్లి చేసుకోలేదు. స్వదేశానికి దూరంగా, జబ్బుతోనే వృద్ధాప్యం గడిపారు. 1930 జూలై 26న, 74వ ఏట, గుంటూరులో తాను కట్టించిన ఆస్పత్రిలోనే ప్రభువునందు నిద్రించారు. ఆ తరువాత ఆస్పత్రికి ఆమె పేరే పెట్టారు.