రహీం సాబ్: ఒక బడిపంతులు కథ

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకాలు రాయమని మిత్రులు అడిగారు. ఆ పని నాకన్నా బాగా చేయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఈ బడిలో చదువుకుని, తరవాత కొన్నేళ్లు ఇక్కడే డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాణ్ణి కనుక, నేను మరో ఉపాధ్యాయుడి గురించి రాస్తాను. ఆయనను నేను చూడలేదు. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో అందరికీ రహీం సాబ్. మన దేశం ఫుట్‌బాల్‌లో రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిందంటే, ఆ రెండుసార్లూ కోచ్ ఈయనే. ఈ మధ్య హిందీలో సినిమా వచ్చాక కుర్రాళ్లకు కూడా ఆయన పేరు తెలిసింది. సినిమాలో కోచ్ కనిపిస్తాడు. నాకు ఆయనలో ఎక్కువగా కనిపించేది పంతులే.

1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి జట్టుకు ఆడారు. తరవాత కాచిగూడ మిడిల్ స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ తరవాత దారుల్ ఉలూమ్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. మధ్యలో ఒక ఏడాది వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి వచ్చి, ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్ను మూసేదాకా ఆ బాధ్యత ఆయనదే.

కార్యదర్శి అంటే టోర్నమెంట్లు పెట్టి కప్పులు పంచే మనిషి అని మనకు అలవాటు. రహీం సాబ్ పెట్టిన టోర్నమెంట్లు చూడండి. ఒకదానిలో బలహీనమైన కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో ఆడాలన్నమాట. ఇంకొకదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. పొట్టివాళ్ల కోసం విడిగా మరొకటి. నేను ఇది చదివిన ఏడాది మన బడి మైదానంలో ఎడమకాలి మ్యాచ్ ఒకటి పెట్టాను. తొమ్మిదో తరగతికీ పదో తరగతికీ. గంటసేపు ఆడారు, ఒక్క గోలూ పడలేదు. బంతి ఎక్కువసేపు కంచె బయటే ఉంది. హెడ్మాస్టారు కిటికీలోంచి చూసి, వీళ్లకు ఏమైందని అడిగారు. కానీ ఎప్పుడూ బెంచీ మీద కూర్చునే ఒక పిల్లవాడు ఆ రోజు అందరికన్నా బాగా ఆడాడు. వాడిది పుర్రచేతి వాటం, కాలూ అంతే. మూడేళ్లుగా నేను గమనించలేదు.

1950లో రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. కలకత్తా పెద్ద క్లబ్బులకు ఇది మింగుడుపడని సంగతి.

దేశం జట్టు సంగతి వేరు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఒట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్సు చేతిలో 2-1తో ఓడిపోయారు. రెండు పెనాల్టీలు చేజారకపోతే గెలిచేవాళ్లే. బూట్లు లేకుండా ఇంత ఆడాం అని మనం దాన్ని గొప్పగా చెప్పుకున్నాం. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు రహీం సాబ్ కోచ్‌గా ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించాం. దాంతో ధీమా ఇంకా పెరిగింది. మరుసటి ఏడాది హెల్సింకీలో యుగోస్లావియా ఆ ధీమాకు లెక్క తేల్చింది. స్కోరు 10-1.

ఆ మ్యాచ్‌కు కూడా కోచ్ రహీం సాబే. అక్కడి చలి, ఆ నేల మనవాళ్ల ఒట్టి కాళ్లకు కొత్త. ఇక్కడ మ్యాచ్‌లు పూర్తి 90 నిమిషాలు ఆడే అలవాటూ అప్పట్లో లేదు. సాకులు కావాలంటే కావలసినన్ని ఉన్నాయి. అదే ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు బంగారం గెలిచింది, కుస్తీలో కె.డి. జాదవ్ కాంస్యం తెచ్చాడు. కనుక మనవల్ల కాదనే మాట కూడా నిలవదు. ఆ తరవాత మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ ఏడాది బంగారం గెలిచిన హంగరీ ఆటలో సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి జరిగి ఆడేవాడు. ఆ పద్ధతిని రహీం సాబ్ మన జట్టులోకి తెచ్చారు. పరీక్షలో తప్పిన పంతులుగారు మొదటి మార్కు వచ్చినవాడి జవాబు పత్రం తెచ్చుకుని చదివినట్టు.

నాలుగేళ్లు గడిచాయి. 1956 మెల్‌బోర్న్. ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల ఊళ్లోనే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియావాడు అతనే. సెమీఫైనల్లో ఎదురుపడింది మళ్లీ యుగోస్లావియా. విరామం దాకా గోలు లేదు. తరవాత మొదటి గోలు కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడిపోయాం, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. అయినా పది గోల్స్ తిన్న జట్టు మీద కాసేపైనా ముందంజలో నిలబడ్డ ఆ నిమిషాలే ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. పేదింటి కుర్రాడు. ప్రాక్టీసుకు అంత దూరం రావడానికి దారి లేకపోతే, సైకిలు అద్దెకు తీసుకోవడానికి రహీం సాబ్ తన జేబులోంచి డబ్బులిచ్చేవారట. పిల్లవాడు బడి మానేస్తున్నాడని తెలిసి ఇంటికి వెళ్లి కనుక్కునే మాస్టార్లు మనకూ ఉండేవారు. చదివేవాళ్లకు వాళ్ల పేర్లు ఈపాటికి గుర్తొచ్చే ఉంటాయి.

1960 రోమ్‌లో ఫ్రాన్సుతో 1-1తో సమం చేశాం, హంగరీ, పెరూ చేతుల్లో ఓడాం. ఇక 1962 జకార్తా. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరవాత థాయ్‌లాండ్ మీద గెలిచాం కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకోపక్క ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. ఆ పని తప్పని మన క్రీడా ప్రతినిధి సోంధీ పట్టుబట్టడంతో ఊరంతా మనమీద మండిపడింది. ఫైనల్‌కు ముందురోజు మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది.

ఆ స్థితిలో రహీం సాబ్ చేసిన పని వింటే ఇప్పటికీ నవ్వూ భయమూ రెండూ వస్తాయి. తలకు కట్టు ఉన్న డిఫెండర్‌ను తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం, అందులో ఒక గోలు జర్నైల్‌ది. ఫైనల్ ముందు రాత్రి కుర్రాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని, రేపు నాకొక కానుక కావాలి, అది బంగారం కావాలి అని అడిగారట. సెప్టెంబరు 4న స్టేడియం నిండా మనల్ని ఎగతాళి చేసే జనం. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం మనవైపు కేకలు వేశారని ఆ జట్టువాళ్లు చెప్పుకునేవారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, కట్టు తలతో జర్నైల్ ఒక గోలు, మొదటి ఇరవై నిమిషాల్లోనే. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టింది. 2-1.

జకార్తా నుంచి వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయారు. యాభై మూడేళ్లు. ఆయన తయారుచేసిన ఆటగాళ్లతో మరుసటి ఏడాది ఆసియా కప్పులో రెండో స్థానం వచ్చింది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చినప్పుడు జట్టుకు శిక్షణ ఇచ్చినవాళ్లలో ఆయన శిష్యుడు పి.కె. బెనర్జీ ఉన్నాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు రోమ్ తరవాత మన జట్టు వెళ్లనే లేదు.

మన బడిలో ఆటల పీరియడ్‌ను లెక్కల సారు అడిగి తీసుకోవడం నేను పనిచేసిన రోజుల్లోనే మొదలైంది. నేను కాదనలేదు.