పావులూరి మల్లన - ఇరవై అంకెల పద్యం

బి.ఎస్సీ.లో చేరిన కొత్తలో మా తెలుగు మాస్టారు ఒక చంపకమాల చదివి, అందులో ఒక పెద్ద లెక్కకు జవాబు ఉందని చెప్పారు. చంపాపేట్ అద్దెగదిలో కూర్చుని చంపకమాలతో కుస్తీ పట్టడం మా మిత్రులకు వేళాకోళమైంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పద్యం పావులూరి మల్లనదిగా ప్రసిద్ధం. నన్నయగారు భారతం తెనిగించిన 11వ శతాబ్దంలోనే మల్లన లెక్కల పుస్తకం తెనిగించాడంటారు. రాజరాజనరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను అగ్రహారంగా ఇచ్చింది ఈయనకేనని కొందరు పండితులు, కాదు, అదే పేరుగల తాతగారికని మరికొందరు వాదించారు. మనవడికి తాత పేరు పెట్టే మన ఆచారం చరిత్రకారులకు తెచ్చిపెట్టిన తంటా అది!

మూలం మహావీరాచార్యుల గణితసార సంగ్రహం. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో సంస్కృతంలో పుట్టింది. మహావీరాచార్యుడు జైనుడు, మల్లన శైవుడు. అందుకని మల్లన లెక్కల పద్ధతిని అలాగే ఉంచి, జైనుల ప్రస్తావన వచ్చినచోట శివుణ్ణి తెచ్చిపెట్టాడు.

ఇక ఆ లెక్క. చదరంగం పలకకు 64 గళ్లు. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే మొత్తం 18446744073709551615. అంటే లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైమాటే. మల్లన దీన్ని అంకెల్లో చెప్పలేదు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, కొండలంటే 7, ఏనుగులంటే 8, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తాడు. రాతగాడు ఒక్క అంకె జారవిడిచాడా, గణాలు తప్పి పద్యం కుంటుతుంది.

ఆ రాత్రి నేను కాగితం మీద 64 సార్లు రెట్టించి, ఒకటి తీసేశాను. జవాబు పద్యంతో కలవలేదు. చదువుకున్న గర్వం కదా, తప్పు పద్యంలోనే ఉందనుకున్నాను. పద్యంలోని అంకెలు కూడితే 87, మూడుతో పోతుంది. ఈ సంఖ్య మూడుతో పోవలసిందే. నా జవాబు పోలేదు! వెనక్కి వెతికితే మధ్యలో ఒకచోట చేతిలో ఒకటి వేసుకోవడం మరిచాను. తెల్లవారుజామున మళ్లీ చేస్తే ఇరవై అంకెలూ సరిపోయాయి.

ఈ సంఖ్య కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఇందులో 641ని 1732లో ఆయిలర్ పట్టుకున్నాడు. రెండు 32వ ఘాతానికి ఒకటి కలిపితే ప్రధాన సంఖ్య వస్తుందన్న ఫెర్మా ఊహ దాంతో కూలింది. కంప్యూటరు 64 బిట్లలో పట్టించగల అతి పెద్ద పూర్ణాంకం కూడా మల్లన సంఖ్యే.

ఇప్పటికీ కాలిక్యులేటరు కొత్తది చేతికొస్తే మొదట ఈ లెక్కే వేస్తాను. మామూలు రకమైతే పది పన్నెండు అంకెల దగ్గరే చేతులెత్తేస్తుంది.