బ్రామ్స్ శోకగీతం 'నేనీ'

యోహానెస్ బ్రామ్స్ పేరు వినగానే సంగీతప్రియులకు ఆయన నాలుగు సింఫనీలు, ఒక జోలపాట స్ఫురిస్తాయి. దుఃఖాన్ని బృందగానంగా మలచడంలో ఆయనకు గల ప్రజ్ఞ మనవారిలో కొందరికే పరిచితం.

బ్రామ్స్ 1833 మే 7న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. తండ్రి డబుల్ బాస్ వాయించి సంసారం ఈదేవాడు. తల్లి కుట్టుపని చేసేది. ఆమె భర్తకంటె 17 ఏండ్లు పెద్దది. 1853లో డ్యూసెల్డార్ఫ్‌లో రాబర్ట్ షూమన్‌ను దర్శించడంతో బ్రామ్స్ దశ తిరిగింది. ఆ యువకుని ప్రతిభను శ్లాఘిస్తూ షూమన్ వ్యాసం ప్రకటించాడు. మరుసటి ఏడాదే షూమన్ మతి చలించి రైన్ నదిలో దూకాడు. ప్రాణం దక్కినా, 1856లో చికిత్సాలయంలోనే కన్నుమూశాడు. షూమన్ భార్య క్లారాకు బ్రామ్స్ కడదాకా ఆప్తుడుగా నిలిచాడు. 1865లో బ్రామ్స్ తల్లి గతించింది. మూడేండ్లకు, గుడ్ ఫ్రైడే నాడు, బ్రెమెన్ కథెడ్రల్‌లో ఆయన 'జర్మన్ రెక్వియమ్' వినిపించింది.

ఆయన మిత్రులలో ఆన్సెల్మ్ ఫాయర్‌బాఖ్ అనే చిత్రకారుడు ఒకడు. గ్రీకు గాథలను చిత్రించడంలో దిట్ట. 1880 జనవరి 4న, 50 ఏండ్ల వయసులో, వెనిస్‌లో మరణించాడు. పసితనంలోనే కన్నతల్లిని కోల్పోయిన ఆయనను పెంచి, కష్టకాలమంతటా వెన్నుకాచినది సవతి తల్లి హెన్రియెట్టె. సవతి తల్లి అనగానే మన కథలలో మెదిలే రూపానికి ఈమె పూర్తిగా భిన్నం. ఆమెకు ఏమని చెప్పి ఓదార్చడం? బ్రామ్స్ మాటలను నమ్ముకోక, షిల్లర్ 1799లో రచించిన 'నేనీ' కవితను చేపట్టాడు. నేనీ అంటే ప్రాచీన రోమనులు శవయాత్రలో పాడే శోకగీతం. హెర్మన్ గోట్జ్ అనే స్వరకర్త అప్పటికే ఆ కవితకు స్వరం కట్టి ఉన్నాడు.

కవిత 14 పాదాలే. సౌందర్యమైనా సరే మరణానికి లొంగవలసిందేనని దాని సారం. ఆర్ఫియస్ పాతాళం దాకా వెళ్లి కూడ భార్యను దక్కించుకోలేకపోతాడు. మన సావిత్రి గెలిచిన చోటనే అతడు ఓడిపోయాడు. చివరి గాథ అఖిలీసుది. మరణించిన కొడుకు కోసం అతని తల్లి, సముద్రదేవత థెటిస్, తన తోబుట్టువులతో కలిసి కడలి నుండి పైకి వచ్చి విలపిస్తుంది. ఫాయర్‌బాఖ్ తల్లికి ఇంతకంటె తగిన ఘట్టం వేరొకటి లేదు. ఓబో వాద్యం మృదువుగా ఆరంభించిన గానం ఈ ఘట్టంలో శ్రుతిని, నడకను మార్చుకొంటుంది.

షిల్లర్ కవిత చివరి పాదం కఠోరమైనది: సామాన్యులు ఏ పాటకూ నోచుకోక నిశ్శబ్దంగా పాతాళానికి దిగిపోతారని. బ్రామ్స్ దానిని పాడించాడు గాని, అక్కడ ఆపలేదు. ప్రియమైనవారి పెదవులపై విలాపంగా మిగలడం కూడ ఘనతే అన్న ముందరి పాదానికి మరలివచ్చి, దానితోనే ముగించాడు. కవి వరుసను తప్పించిన ఆ ఒక్క చర్యలోనే స్వరకర్త హృదయం కనిపిస్తుంది.

కృతిని హెన్రియెట్టెకు అంకితం చేయడానికి 1881లో బ్రామ్స్ ఆమె అనుమతి కోరాడు. ఆ ఏడాది డిసెంబర్ 6న జ్యూరిక్‌లో తానే నిర్వహించి తొలిసారి పాడించాడు. హెన్రియెట్టె 1892లో మరణించింది. 1896లో క్లారా మరణవార్త విని బ్రామ్స్ హడావుడిగా రైలెక్కి, ఆమెను సమాధి చేసే వేళకు బాన్ చేరుకున్నాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 3న వియన్నాలో తానూ కన్నుమూశాడు. అక్కడి కేంద్ర శ్మశానవాటికలో బీథోవెన్, షూబర్ట్‌ల సమాధుల చెంతనే ఆయన సమాధి ఉన్నది.