చీపుర్లు పక్కన పెట్టారు.. సీరియల్ మళ్లీ మొదలైంది

1988లో పంజాబ్‌లోని జలంధర్ నగరంలో పారిశుద్ధ్య కార్మికులు చీపుర్లు పక్కన పెట్టి సమ్మెకు దిగారు. జీతాలు పెంచమని కాదు, పర్మినెంట్ చేయమనీ కాదు. ఆదివారం పొద్దున టీవీలో వచ్చే రామాయణం సీరియల్‌ను ఆపొద్దని! రాముడి పట్టాభిషేకంతో కథ ముగిస్తున్నారని తెలిసింది. మరి ఆ తర్వాతి కథ సంగతేంటి? సీతమ్మ అడవి పాలు కావడం, వాల్మీకి ఆశ్రమం, లవకుశులు.. అదంతా చూపించి తీరాలని పట్టుబట్టారు. సమ్మె ఆ ఒక్క ఊరితో ఆగలేదు. ఉత్తరాదిలో పెద్ద పట్టణాలకూ పాకింది. చెత్త కుప్పలు పేరుకుపోయి రోగాలు వస్తాయన్న భయం మొదలైంది. చివరికి కేంద్రం దిగొచ్చింది.

ఆ సీరియల్ తీసిన రామానంద్ సాగర్‌కు అప్పటికి డెబ్బై ఏళ్లు. పట్టాభిషేకంతో తన పని అయిపోయిందనుకున్న పెద్దాయన మళ్లీ కలం పట్టాల్సి వచ్చింది. సీరియల్‌ను పొడిగించమని అభిమానులు ఉత్తరాలు రాయడం ఎక్కడైనా ఉంటుంది. ఊళ్లకు ఊళ్లు శుభ్రం చేసే పని ఆపేసి సాధించుకోవడం మాత్రం అరుదు.

పేరు చంద్రమౌళి

సాగర్ 1917 డిసెంబరు 29న లాహోర్ దగ్గర పుట్టారు. పెట్టిన పేరు చంద్రమౌళి చోప్రా. అమ్మమ్మ దత్తత తీసుకున్నాక రామానంద్ అయ్యారు. పూర్వీకులు లాహోర్ నుంచి కశ్మీర్‌కు తరలివెళ్లినవాళ్లు. ఇల్లు ఒకచోట, వేళ్లు మరోచోట. సరిహద్దు జిల్లాల్లో ఉండేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. పగలు ప్యూనుగా చేశారు. లారీ క్లీనరుగా తిరిగారు. సబ్బులు అమ్మారు. కంసాలి దగ్గర పని నేర్చుకున్నారు. రాత్రిళ్లు చదువుకునేవారు. అలా చదివే 1942లో పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి సంస్కృతం, పర్షియన్‌లలో బంగారు పతకం తెచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే క్షయ పట్టుకుంది. అప్పట్లో టీబీ అంటే బతుకు మీద ఆశ వదులుకోవడమే. ఆయన మాత్రం మంచం మీద పడుకుని తన రోగం గురించే డైరీలాగా రాసి లాహోర్ పత్రికకు పంపారు. జనం చదివారు. రచయితగా పేరు అక్కడే మొదలైంది. పత్రికల్లోనూ పనిచేశారు.

1947లో దేశం రెండు ముక్కలైంది. కశ్మీర్ మీద దాడి జరిగినప్పుడు సాగర్ కుటుంబం శ్రీనగర్‌లో చిక్కుకుపోయింది. అక్కడి నుంచి విమానంలో బయటపడిన సంగతిని ఆ ఇంట్లో కథలా చెప్పుకుంటారు. సామాను వద్దంటే సాగర్ ఒక పెట్టెను మాత్రం వదలనన్నారట. బంగారం ఉందేమోనని తెరిచి చూస్తే రాతప్రతులు! ఆ విమానం నడిపింది బిజూ పట్నాయక్ అని సాగర్ కొడుకు ప్రేమ్ సాగర్ తండ్రి జీవిత చరిత్రలో రాశారు. గంజాం, కోరాపుట్ వైపు మనవాళ్లకు బిజూబాబును కొత్తగా పరిచయం చేయాలా? విభజన మీద సాగర్ ఉర్దూలో రాసిన నవల 'ఔర్ ఇన్సాన్ మర్ గయా' 1948లో వచ్చింది. మనిషి చచ్చిపోయాడని దాని పేరుకు అర్థం.

మద్రాసు దారిలో..

బొంబాయి చేరాక పృథ్వీ థియేటర్‌లో కొన్నాళ్లు ఉన్నారు. రాజ్‌కపూర్ 'బర్సాత్' (1949)కు కథ ఇచ్చారు. సినిమా పెద్ద హిట్. 1950లో సొంత సంస్థ పెట్టారు. అయితే ఆయనను నిలబెట్టింది మద్రాసు. జెమినీ అధినేత ఎస్.ఎస్.వాసన్ హిందీ సినిమాలకు సాగర్ మాటలు రాశారు. వాటిలో 1955లో వచ్చిన 'ఇన్సానియత్' మన 'పల్లెటూరి పిల్ల' (1950)కు హిందీ రూపమే. ఎన్టీఆర్, అక్కినేని చేసిన పాత్రల్లో హిందీలో దిలీప్ కుమార్, దేవానంద్ కనిపించారు. జెమినీ వారి 'పైగామ్' (1959) మాటలకు ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. 'ఘూంఘట్' (1960), 'జిందగీ' (1964)లకు దర్శకత్వం కూడా ఆయనే. 'ఆర్జూ' (1965), 'ఆంఖే' (1968) బాగా ఆడాయి. 'ఆంఖే'కు ఉత్తమ దర్శకుడిగా మరో ఫిల్మ్‌ఫేర్ అందుకున్నారు. ఆ తర్వాత కొన్ని ఆడాయి, కొన్ని పోయాయి.

అరవై దాటిన మనిషి పెద్ద తెర వదిలి చిన్న తెరకు వస్తానంటే సినిమా జనం విడ్డూరంగా చూశారు. కిరీటాలు, గడ్డాలు పెట్టుకున్న పాత్రలకు డబ్బు పెట్టడానికి ప్రకటనల కంపెనీలూ జంకాయి. ముందు 1985లో 'విక్రమ్ ఔర్ బేతాళ్' తీశారు. మన చందమామ పాఠకులకు కొట్టిన పిండి లాంటి కథలే. విక్రమార్కుడిగా వేసిన అరుణ్ గోవిల్ తర్వాత రాముడయ్యాడు. సీత వేసిన దీపికా చిఖలియా కూడా అందులో కనిపించిందే.

ఆదివారం తొమ్మిదిన్నర

1987 జనవరి 25. ఆ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు రామాయణం మొదలైంది. షూటింగ్ అంతా గుజరాత్ కొసన, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఉంబర్‌గావ్‌లో. ఒక భాగం తీసి, కూర్చి, ఢిల్లీకి పంపే లోపు వారం గడిచిపోయేది.

ఆ ఆదివారాలు చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. బజార్లు ఖాళీ. పెళ్లి ముహూర్తాలు కూడా ఆ వేళ చూసుకుని పెట్టుకున్నారు. ఊరికి ఒకటో రెండో ఉండే టీవీల ముందు చాపలు పరిచి, టీవీకి దండేసి, అగరొత్తులు వెలిగించారు. హిందీ ముక్క రానివాళ్లు కూడా కూర్చుని చూశారు. కథ తెలిసిందే కదా, భాషతో పనేముంది!

దేశమంతటికీ అప్పుడున్నది దూరదర్శన్ ఒక్కటే. సీరియల్‌కు ఎన్ని వారాలివ్వాలో, ఎప్పుడు ఆపాలో తేల్చేది ఢిల్లీలో మండీ హౌస్ అధికారులే. 13 వారాల లెక్కన అనుమతులు నడిచేవి. రామాయణానికి మొదట 52 భాగాలు ఒప్పుకున్నారు. సాగదీస్తున్నాడని విమర్శకులు సాగర్‌ను ఏకిపారేశారు. జనం మాత్రం ఇంకా కావాలన్నారు. పొడిగిస్తూ పొడిగిస్తూ 78కి తెచ్చారు. 1988 జులై 31న పట్టాభిషేకంతో ముగిసింది.

ఆపడం తప్పా?

ఒక్క రామాయణాన్ని పట్టుకుని సాగర్ సీరియల్ తీయలేదు. వాల్మీకి, తులసీదాసులతోపాటు తమిళ కంబరామాయణం, మరాఠీ ఏకనాథుడి భావార్థ రామాయణం, కన్నడ రామచంద్ర చరిత పురాణం, మన రంగనాథ రామాయణం కూడా ఆధారాలుగా పేర్కొన్నారు. సరిహద్దు ఊళ్లలో బడిలో ఒక రామాయణం, ఇంట్లో మరొకటి వింటూ పెరిగిన వాళ్లకు ఆ జాబితా సొంత ఇంటి పుస్తకాల బీరువాలా ఉంటుంది.

నిజానికి పట్టాభిషేకం దగ్గర ఆగడం సాగర్ కనిపెట్టింది కాదు. కంబడు అక్కడే ఆపాడు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం కూడా యుద్ధకాండతోనే ముగిసింది. మిగిలిన కథను ఆయన కొడుకులు కాచ విభుడు, విట్ఠలుడు ద్విపదలో పూర్తిచేశారు. తులసీదాసు చివరి కాండ రాసినా సీతను అడవికి పంపే ఘట్టం జోలికి పోలేదు. నిండు చూలాలిని అడవికి పంపిన రాముడిని ఇంటింటా హారతులు పట్టే జనానికి ఎలా చూపించాలి? సాగర్ వెనకాడారంటే తప్పు పట్టలేం.

కానీ జలంధర్ వాళ్ల లెక్క వేరు. ఆ సమ్మెలో ముందున్నది వాల్మీకిని తమ కులగురువుగా కొలిచే బాల్మీకి సమాజం. పట్టాభిషేకంతో ఆపేస్తే వాళ్ల గురువు ఆ కథలో ఎక్కడుంటాడు? రాజు వదిలేసిన సీతకు నీడనిచ్చింది, ఆమె బిడ్డలకు చదువు చెప్పింది ఆయనే కదా. తరతరాలుగా ఊరి చివరే ఉంచిన మనుషులకు, అడవిలో ఉన్న ఆశ్రమానికే రాణి వచ్చి చేరిన కథ అది. ఆ ముక్క లేకుండా రామాయణం పూర్తయిందంటే వాళ్లు ఒప్పుకోలేదు. బెంగళూరులో, చెన్నైలో పొద్దున్నే వీధులు ఊడ్చేవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఈ మాట ఇంకాస్త దగ్గరగా వినబడుతుంది.

ఇక తెలుగువాళ్లకు ఉత్తరకాండ లేని రామాయణమా? 1963 నాటి 'లవకుశ'కు బండ్లు కట్టుకుని వెళ్లిన తరం మనది. సి.పుల్లయ్య, ఆయన కొడుకు సి.ఎస్.రావు తీసిన ఆ సినిమా తమిళంలోనూ వచ్చింది. ఎన్టీఆర్ రాముడిని, అంజలీదేవి సీతను చూసి ఏడ్చినవాళ్లకు జలంధర్ పట్టుదల వింతగా తోచదు.

లవకుశులొచ్చారు

1988 అక్టోబరులో ఉత్తర రామాయణం మొదలైంది. అదే నెల రెండో తేదీన బి.ఆర్.చోప్రా మహాభారతం కూడా వచ్చేసింది. కుశుడిగా వేసిన పిల్లాడు స్వప్నిల్ జోషి తర్వాత మరాఠీ సినిమాల్లో హీరో అయ్యాడు. సాగర్‌ను భయపెట్టిన ఘట్టం రానే వచ్చింది. రాముడి మీద మాట పడకుండా సీత తనంతట తానే అడవికి వెళ్లాలని తేల్చుకున్నట్టు చూపించారు. ఇది రాముడిని కాపాడటానికి వేసిన ఎత్తుగడేనని చెప్పాలి. సీత పక్షాన నిలబడి చూసేవాళ్లకు అది మింగుడుపడదు. అయినా వాల్మీకి ఆశ్రమం దృశ్యాలు మాత్రం తీరిగ్గా, ప్రేమగా తీశారు. సమ్మె చేసినవాళ్లు అడిగింది అదే.

గట్టి విమర్శలూ వచ్చాయి. ఎన్నో రామాయణాలున్న దేశంలో సర్కారు టీవీ ఒక్కదాన్నే అందరి నెత్తినా రుద్దుతోందని చరిత్రకారిణి రొమిలా థాపర్ 1989లో రాశారు. 1991 ఎన్నికల్లో దీపిక, రావణుడు వేసిన అరవింద్ త్రివేది ఇద్దరూ గుజరాత్ నుంచి బీజేపీ ఎంపీలుగా గెలిచారు. ఆ సీరియల్ టీవీ దగ్గరే ఆగిపోలేదన్నది నిజం.

సాగర్ తర్వాత 'శ్రీకృష్ణ' తీశారు. 2000లో పద్మశ్రీ వచ్చింది. 2005 డిసెంబరు 12న ముంబైలో కన్నుమూశారు. ఎనభై ఏడేళ్లు.

ఆయన పోయిన పద్నాలుగేళ్లకు, 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. జనం మళ్లీ అడిగారు. ఈసారి సమ్మెలు అక్కర్లేకపోయింది. ప్రజల కోరిక మేరకు వేస్తున్నామని కేంద్ర మంత్రి ప్రకటించారు. మార్చి 28 నుంచి రోజూ రెండు పూటలా వేశారు. ఏప్రిల్ 16న 7.7 కోట్ల మంది చూశారని, ఇది ప్రపంచ రికార్డని దూరదర్శన్ చాటింది. అమెరికాలో 1983లో 'మ్యాష్' సీరియల్ ఆఖరి భాగాన్ని పది కోట్ల మందికి పైగా చూశారని గుర్తుచేసేసరికి ఆ రికార్డు మాట కాస్త తగ్గింది.

1988లో పట్టాభిషేకం చూసినవాళ్లు లవకుశుల కోసం అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. 2020లో మాత్రం రామాయణం ముగిసిన మర్నాడే ఉత్తర రామాయణం మొదలైంది. ఇళ్లకు తాళాలు పడిన ఆ రోజుల్లో దాన్ని పొద్దుటి పూట చూడలేకపోయినవాళ్లలో వీధులు ఊడ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు లాక్‌డౌన్ సెలవు లేదు.