సుగంధాన్ని గుండెకు మందుగా చెప్పిన హకీం ఇబ్నె సీనా

వాన కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో విడపనకల్లు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేదే 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేని వాన. అలాంటి చోట తొలి చినుకులు ఎండిన నేల మీద రాలి మట్టివాసన లేవగానే ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వస్తారు. విత్తనం ఇంకా పడలేదు, అప్పు తీరలేదు, అయినా మనసు తేలికపడుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని బట్టీ పట్టి, ఈ వాసననే మిట్టీ అత్తరుగా సీసాల్లో నింపి అమ్ముతారు.

ఒట్టి వాసన మనసును ఎలా తేలిక చేస్తుంది? వెయ్యేళ్ల క్రితం ఈ ప్రశ్నను వైద్యుడిగా పట్టించుకున్నవారు అబూ అలీ ఇబ్నె సీనా. ఐరోపా వారికి ఆయన అవిసెన్నా, మన యూనానీ హకీములకు షేక్ ఉర్ రయీస్.

ఆయన హిజ్రీ 370, అంటే క్రీ.శ. 980లో బుఖారా దగ్గరి అఫ్షనా గ్రామంలో జన్మించారు. తండ్రి అబ్దుల్లాహ్ బల్ఖ్ నుంచి వచ్చి సామానీ ప్రభువుల కొలువులో ఉద్యోగం చేసేవారు. తల్లి పేరు సితారా. పదేళ్లు నిండేసరికే ఆ బాలుడు దివ్య ఖుర్‌ఆన్ కంఠస్థం చేశాడు. లెక్కలు నేర్చుకున్నది కూరగాయలు అమ్ముకునే ఒక వ్యాపారి దగ్గర. అరిస్టాటిల్ తత్వగ్రంథాన్ని నలభైసార్లు చదివినా అంతుపట్టలేదు. చివరకు బజారులో మూడు దిర్హములకు కొన్న ఫారాబీ పుస్తకంతో ఆ ముడి వీడింది. ఆ సంతోషంతో మర్నాడు పేదలకు దానధర్మాలు చేశారు. వైద్యం మాత్రం అంత కష్టమైన విద్య కాదని ఆయన రాసుకున్నారు. నేటి మెడికల్ విద్యార్థులు దీన్ని ఒప్పుకోరనుకోండి!

పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులోనే పాలకుడు నూహ్ బిన్ మన్సూర్‌కు వైద్యం చేసే అవకాశం వచ్చింది. ప్రతిఫలంగా రాజ గ్రంథాలయంలో చదువుకునే అనుమతి దొరికింది. అయితే ఆ ప్రశాంతత ఎంతో కాలం నిలవలేదు. సామానీల రాజ్యం కూలింది, తండ్రి మరణించారు. అది మొదలు గుర్గాంజ్, జుర్జాన్, రయ్, హమదాన్ అంటూ ఊళ్లు పట్టి తిరగడమే.

హమదాన్‌లో షంసుద్దౌలా కడుపునొప్పిని నయం చేసి వజీరు పదవి పొందారు. సైనికులు తిరుగుబాటు చేసి ఆయన ఇల్లు దోచారు, తల తీయాలని పట్టుబట్టారు. నలభై రోజులు ఒక మిత్రుని ఇంట దాక్కున్నారు. ఇంతలో ప్రభువుకు మళ్లీ నొప్పి వచ్చింది, క్షమాపణ చెప్పి మళ్లీ పిలిపించుకున్నాడు. పగలంతా దర్బారు, రాత్రిళ్లు శిష్యుల మధ్య రచన. వైద్య విజ్ఞాన సర్వస్వమైన అల్ ఖానూన్ ఫిత్ తిబ్బ్‌లో కొంత భాగాన్ని అలాంటి రాత్రుల్లోనే రాశారు.

హమదాన్‌కు వచ్చిన కొత్తలోనే ఆయన గుండెకు సంబంధించిన మందుల మీద అల్ అద్వియతుల్ ఖల్బియ్యా అనే చిన్న గ్రంథం రాశారు. మన విషయం అందులోనే ఉంది. గుండెలో పుట్టే సూక్ష్మమైన ఆవిరి వంటి పదార్థాన్ని వైద్యులు రూహ్ అనేవారు. అది సమృద్ధిగా, నిర్మలంగా ఉంటే మనిషికి సంతోషం, కొరవడి మసకబారితే దిగులు, భయం. సువాసన ఆ రూహ్‌కు ఆహారం వంటిది. అయితే అన్ని వాసనలూ అందరికీ పనికిరావు. వేడి తత్వం వారికి గులాబీ, చందనం, కర్పూరం, చల్లని తత్వం వారికి కస్తూరి, అంబర్, కుంకుమపువ్వు. బజారులో అసలు గులాబీ తైలాన్ని నేటికీ రూహ్ ఎ గులాబ్ అనడం మనం విన్నదే.

గుండెలో ఆవిరి అనే మాటను నేటి వైద్యం ఒప్పుకోదు. కానీ వాసన తెలిపే నరాలకు మెదడులో భావాలు, జ్ఞాపకాలు ఉండే చోట్లతో చాలా దగ్గరి సంబంధం ఉందని అదే చెబుతోంది. గులాబీ తైలాన్ని బట్టీ పట్టడం కనిపెట్టింది ఇబ్నె సీనాయేనని చాలామంది రాస్తుంటారు. ఇది సరికాదు. ఆయనకంటే ముందే, తొమ్మిదో శతాబ్దంలో, అల్ కిందీ సుగంధాల తయారీపై ఒక పుస్తకమే రాశారు. అరోమాథెరపీ అనే పేరైతే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గాట్‌ఫోసే 1937లో ప్రచురించిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది.

జుమాకు గుసుల్ చేసి అత్తరు పూసుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. అలసిన రాత్రి దిండు పక్కన దూదిమీద ఒక చుక్క లావెండర్ తైలమో, గిన్నెలో కాస్త గులాబీ జలమో పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది. ఒళ్లు మర్దనకైతే 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో పది పన్నెండు చుక్కల తైలం చాలు. చిక్కని తైలాన్ని నేరుగా చర్మానికి రాయకూడదు, లోపలికి అసలే తీసుకోకూడదు. కర్పూరం నూనె, నీలగిరి తైలం పసిపిల్లలకు అందనివ్వకండి, కొద్దిగా మింగినా ఫిట్స్ వస్తాయి. ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడిగి వాడాలి. ఇంకొక సంగతి: కిలో గులాబీ తైలానికి మూడు నాలుగు వేల కిలోల రేకులు కావాలి. కాబట్టి చవక సీసాలో ఉన్నది పూసుకోవడానికి పనికొస్తుందేమో గాని, మందు కాదు.

ఇబ్నె సీనా సుగంధాన్ని సాయంగానే చూశారు. దిగులు జబ్బుకు ఆయన ఖానూన్‌లో ఆహారం, నిద్ర, స్నానం, మందులు అన్నీ చెప్పారు. పంట పోయి, నిద్ర పట్టక, తిండి సహించక, వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడని మనిషి చెవిలో అత్తరు దూది పెట్టి ఊరుకుంటే సరిపోదు. అలాంటి మౌనం మన జిల్లాలో ఎన్ని ఇళ్లను ఆర్పిందో అందరికీ తెలుసు. ఆ మనిషిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. 2022లో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

షంసుద్దౌలా మరణించాక ఇస్ఫహాన్ పాలకునితో రహస్యంగా ఉత్తరాలు నడిపారన్న అనుమానంతో ఆయన్ను ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు బంధించారు. అక్కడ కూడా కలం ఆగలేదు. కడుపునొప్పి జబ్బు ఖూలంజ్ మీద ఆ చెరలోనే పుస్తకం రాశారు. తరువాత తమ్ముడు, శిష్యుడు జుజ్జానీ, ఇద్దరు బానిసలతో కలిసి సూఫీ వేషంలో ఇస్ఫహాన్ చేరారు. అక్కడ అలాఉద్దౌలా ఆదరించాడు. తత్వశాస్త్రంలో ఆయన చెప్పినవాటిని తరువాతి కాలంలో ఇమాం గజాలీ (రహ్మలై) గట్టిగా ఖండించారు గాని, ఆయన వైద్యాన్ని మాత్రం లోకమంతా తీసుకుంది. ఖానూన్ పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లి, కొన్ని శతాబ్దాలపాటు ఐరోపా విద్యాలయాల్లో పాఠ్యగ్రంథమైంది.

ఏ జబ్బు మీద పుస్తకం రాశారో చివరకు ఆ జబ్బే ఆయన్ను పట్టుకుంది. ప్రభువుతో దండయాత్రలో ఉండగా ఖూలంజ్ వచ్చింది. త్వరగా కోలుకోవాలన్న తొందరలో ఒకేరోజు ఎనిమిదిసార్లు ఎనీమా చేయించుకోవడంతో పేగు పుండు పడింది. మందు కలిపేవారు మోతాదు మించి వేశారు. కాస్త తేరుకున్నా, హమదాన్ దారిలో మళ్లీ తిరగబెట్టింది. ఇక శరీరాన్ని నడిపే శక్తి మిగల్లేదని గ్రహించి మందులు మానేశారు. ఉన్నది పేదలకు పంచి, బానిసలకు విముక్తి ఇచ్చి, మూడు రోజులకొకసారి ఖుర్‌ఆన్ పారాయణం పూర్తి చేస్తూ గడిపారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 428 రమజాన్‌లో, అంటే క్రీ.శ. 1037లో కన్నుమూశారు. ఆయన సమాధి హమదాన్‌లో ఉంది.