చంద్రమతి నుంచి కౌసల్య దాకా: ఏలూరు కన్నాంబ

తెలుగువాళ్లు కొలిచే పతివ్రతల పేర్లు అడిగితే చంద్రమతి, ద్రౌపది, కౌసల్య అని తడుముకోకుండా చెబుతాం. ఆ పతివ్రతలకు రూపాన్నీ గొంతునూ ఇచ్చిన తొలితరం స్త్రీలను కులీన కుటుంబాలు తమ సరసన ఎందుకు కూర్చోనివ్వలేదన్న ప్రశ్న మాత్రం అడగం. పసుపులేటి కన్నాంబ జీవితాన్ని నేను ఈ ప్రశ్న వైపు నుంచే చదువుతాను. ఆమెది ఏ కులమన్నది ఇక్కడ నా చర్చ కాదు. ఆమె చేపట్టిన వృత్తికి సమాజం ఏ మెట్టు కేటాయించింది, ఆ మెట్టు మీద నిలబడి ఆమె ఏం సాధించిందన్నదే చర్చ.

కన్నాంబ 1911లో పుట్టింది. ఆమె పేరు ఏలూరుతో ముడిపడి ఉంది. కృష్ణా, గోదావరి కాలువలు కలిసే ఊరు అది. దక్షిణాన కొల్లేరు, చుట్టూ వరిచేలు. కాలువల నీటితో పండిన ధాన్యమే డెల్టాలో నాటకాలను పోషించింది. పందిరి వేయించేదీ, నటులకు సంభావన ఇచ్చేదీ భూమి ఉన్న కులాలు. ఆ భూమిలో నాట్లు వేసిన మాల, మాదిగలూ, సరస్సులో వలలు వేసిన వడ్డీలూ ఆ పందిరి అంచుల్లో కూర్చున్నారు. కళ పుట్టడానికి కావలసిన మిగులు ఎవరి చెమట నుంచి వచ్చిందో, గౌరవం ఎవరికి దక్కిందో డెల్టా చరిత్ర చదివే విద్యార్థులు మరచిపోరాదు.

ఆనాటి రంగస్థలం మీద స్త్రీ పాత్రలు చాలావరకు పురుషులే వేసేవారు. స్థానం నరసింహారావు ఆ పాత్రలతోనే శిఖరానికి చేరారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తాడేపల్లిగూడెంలో తన పేరిట సినిమా హాలు కట్టించిన రేలంగి సైతం నాటకాల్లో స్త్రీ వేషాలతోనే మొదలుపెట్టారు. పురుషుడు చీర కడితే అది నైపుణ్యం. స్త్రీ తన చీరతోనే వేదిక ఎక్కితే అది శీలం గురించిన అనుమానం. ఆడటం, పాడటం కలావంతుల స్త్రీలకు కులవృత్తిగా నిర్ణయించిన సమాజమే ఆ వృత్తిని అపవిత్రమని ప్రకటించింది. వీరేశలింగం నాటి భోగం మేళాల వ్యతిరేకోద్యమం నుంచి 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం దాకా సంస్కరణ ఆ దోపిడీని ప్రశ్నించింది, నిజమే. కానీ అదే ఊపులో ఏ కులం నుంచి వచ్చినా సరే, వేదిక ఎక్కిన ప్రతి స్త్రీ మీదా ఆ అనుమానపు ముద్ర పడింది.

అటువంటి కాలంలో కన్నాంబ పదహారేళ్ల ప్రాయంలో నాటకాల్లోకి వచ్చింది. హరిశ్చంద్ర నాటకం ఆడుతుండగా చంద్రమతి వేషధారి పాట జనానికి రుచించలేదనీ, ప్రేక్షకుల్లో ఉన్న ఆ పిల్ల వేదిక ఎక్కి పాడి మెప్పించిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ నాటకమే మనను ఆలోచింపజేయాలి. రాజు కాటికాపరిగా మారడం చూసి సభంతా కన్నీరు పెట్టేది. తరతరాలుగా కాటికాపరులుగానే బతికిన కుటుంబాల కోసం ఆ సభ కన్నీరు పెట్టలేదు. ఆ శ్మశాన దృశ్యానికే దళిత మహాకవి గుర్రం జాషువా పద్యాలు వచ్చి చేరాయి. అంటరానివాడన్న కవి పద్యాలూ, శంకించదగినదన్న స్త్రీ కంఠమూ ఆ నాటకానికి ప్రాణం పోశాయి.

1935లో హరిశ్చంద్ర సినిమాగా వచ్చినప్పుడు చంద్రమతి కన్నాంబే. మరుసటి ఏడు ద్రౌపది కథతో రెండు సినిమాలు పోటీపడ్డాయి. కన్నాంబ నటించిన ద్రౌపదీ వస్త్రాపహరణమే జనాన్ని గెలుచుకుంది. 1942లో తమిళ కన్నగి ఆమెను దక్షిణాదికంతటికీ పరిచయం చేసింది. ఇళంగోవన్ రాసిన గంభీరమైన తమిళ సంభాషణలను ఈ తెలుగు నటి పలికిన తీరును తమిళులు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు.

1947 నాటి పల్నాటి యుద్ధంలో ఆమె నాయకురాలు నాగమ్మ. మాలపిల్ల తీసిన గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, ఆయన మరణానంతరం ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన చిత్రమది. చాపకూటితో అన్ని కులాలనూ ఒక పంక్తిన కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడు ఒకవైపు, రాజ్యాన్ని నడిపిన స్త్రీ మంత్రి మరోవైపు. ఆ స్త్రీని కుట్రదారుగా మాత్రమే గుర్తుపెట్టుకున్న లోకానికి కన్నాంబ ఒక రాజనీతిజ్ఞురాలిని చూపింది. కులాన్ని ప్రశ్నించే కథలు కూడా స్త్రీ అధికారాన్ని ఎంత అనుమానంగా చూస్తాయో ఆ చిత్రం చూస్తే తెలుస్తుంది.

నలభై దాటిన నటికి తెర మీద చోటు లేదనుకునే పరిశ్రమలో ఆమెకు రెండో జీవితం మొదలైంది. 1954లో కరుణానిధి సంభాషణలు రాసిన మనోహరలో శివాజీ గణేశన్‌కు తల్లిగా ఆమె చూపిన అభినయం తరువాతి తల్లి పాత్రలకు కొలబద్ద అయింది. 1955లో అనార్కలి, 1957లో తోడికోడళ్లు, 1963లో లవకుశలో కౌసల్య. కథానాయికగా తెచ్చుకున్న పేరు ఒక ఎత్తు; నెరిసిన జుట్టుతో, బరువైన మాటతో తెచ్చుకున్న ఈ పేరు ఇంకో ఎత్తు. యౌవనం ఆసరా లేకుండా కేవలం విద్యతో నిలబడిన దశ ఇది. 1964 మే 7న కన్నుమూసే నాటికి ఆమె వయసు 52 ఏళ్లు.

భర్త కడారు నాగభూషణంతో కలిసి ఆమె శ్రీ రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీ నడిపింది. తెలుగు, తమిళాల్లో అనేక చిత్రాలు నిర్మించింది. అంటే ఆమె జీతానికి నటించిన మనిషి మాత్రమే కాదు, పదిమందికి పని ఇచ్చిన నిర్మాత కూడా. అయినా ఈనాటికీ జనం నోట ఎక్కువగా నలిగేవి ఆమె నగల గురించిన కథలే. మగ నిర్మాతల విషయంలో సినిమాల జాబితా చెప్పుకుంటాం. స్త్రీ దగ్గరికి వచ్చేసరికి బంగారం లెక్క పెడతాం. స్త్రీ సంపాదన కష్టార్జితమని ఒప్పుకోలేని మనసే ఆ కథలను మోసుకు తిరుగుతున్నది.

సినిమా చరిత్ర పాఠాల్లో కన్నాంబ పేరు ఒక పంక్తిలో ముగిసిపోతున్నది. విద్యార్థులు ఆ పంక్తి దగ్గర ఆగి కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. సహనానికీ శీలానికీ ప్రతిమలను అగ్రకుల సమాజం ఎవరి చేత చేయించుకుంది? చేసినవారికి ఏ పేరు పెట్టింది? నటన కులవృత్తి అన్న ముద్ర తొలగి గౌరవమైన ఉద్యోగంగా మారిన తర్వాత, ఆ ఫలం అనుభవించడానికి వచ్చిన కులాలేవి? మొదట నింద మోసిన కుటుంబాల పిల్లలు ఇవాళ పరిశ్రమలో ఎక్కడ ఉన్నారు? ఈ లెక్క తేలకుండా రాసే తెలుగు సినిమా చరిత్ర సగం చరిత్రే.